అన్నయ్య మడత ఫోను ఇస్తానంటున్నాడు, ల్యాప్‌టాప్ తీసేయొచ్చా?

పర్లాకిమిడి నుంచి ఒక సోదరి రాసిన నాలుగు పేజీల ఉత్తరం ఇది. సారాంశం చెబుతాను. వాళ్లది బట్టల కొట్టు. కౌంటర్ భర్తది, లెక్కలు ఈమెవి. సరుకు కొంత బరంపురం నుంచి, కొంత విశాఖపట్నం నుంచి వస్తుంది. 2017లో కొన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ ఉంది. అది ఇప్పుడు ఆన్ అవడానికే పది నిమిషాలు తీసుకుంటోంది. బ్యాటరీ పోయింది. ఎడమవైపు బందు ఊడిపోతే మూతని గోడకి ఆనించి వాడుతున్నారు. బిల్లులు కొట్టడానికి పక్కన పాత లేజర్‌జెట్ 1020 ప్రింటర్ ఉంది. అమ్మాయి ఈ ఏడాదే బీసీఏలో చేరింది. రాత్రి అన్నాలయ్యాక తనకీ ఆ ల్యాప్‌టాప్పే కావాలి.

హైదరాబాదులో ఉన్న అన్నయ్య కొత్త ఫోను కొనుక్కుంటున్నాడట. తన పాత శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫోల్డ్4ని దసరాకి పట్టుకొస్తానన్నాడు. "విప్పితే పుస్తకమంత ఉంటుంది. టీవీకి తగిలిస్తే కంప్యూటర్ అయిపోతుంది. ఇంక మీకు ల్యాప్‌టాప్ ఎందుకే?" అన్నది ఆయన మాట. భర్తగారికి ఆ ఫోను మీద మనసు పడింది. పాత ల్యాప్‌టాప్‌ని తుక్కు కొనేవాడికి ఇచ్చేద్దామంటున్నారు. అమ్మాయేమో అలిగి మాట్లాడటం లేదు. "అన్నయ్యని కాదంటే నొచ్చుకుంటాడు, ఔనంటే నా పని ఆగిపోతుందేమోనని భయం. నాకా ఈ ఫోన్ల సంగతి తెలీదు. వాళ్లు చెప్పేది నిజమేనా?" ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, ముందు తుక్కు కొనేవాణ్ణి వెనక్కి పంపేయండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు, బిల్లులు ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు దాచాలి. ఉదాహరణకి 2022-23 సంవత్సరపు లెక్కలు 2029 డిసెంబర్ 31 వరకు మీ దగ్గర ఉండాలి. అవన్నీ ఆ ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులోనే ఉన్నాయి. ట్యాలీ లైసెన్సు కూడా ఆ మెషీన్ మీదే ఉంది. మూత ఊడినా మీ దుకాణం చరిత్రంతా అందులో ఉందన్నమాట.

ఇక అన్నయ్య మాట. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. ఆయన పనికి ఆయన ఫోను ల్యాప్‌టాప్‌లా పనికొచ్చి ఉండొచ్చు. మీ ఇంట్లో ముగ్గురి పనులు మూడు రకాలు, ఇబ్బందంతా అక్కడుంది. మీ ఆయనకి కొట్లో వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపడం, యూపీఐ డబ్బు పడిందో లేదో చూడటం, హోల్‌సేల్ వాళ్లు పంపే పీడీఎఫ్ చదవడం ఉంటాయి. మీకు ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, ప్రింటర్. అమ్మాయికి ప్రోగ్రాములు రాయడం, అసైన్‌మెంట్లు, ఆన్‌లైన్ పరీక్షలు. ల్యాప్‌టాప్ అన్నది బల్ల మీద ఉండే వస్తువు, ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. ఫోను ఒకరి జేబులో ఉంటుంది. మీ ఆయన దాన్ని జేబులో వేసుకుని బరంపురం సరుకుకి బయలుదేరిన రోజున మీ లెక్కలు, అమ్మాయి అసైన్‌మెంటు కూడా బస్సెక్కి వెళ్లిపోతాయి.

ఇందులో ఇంకో చిక్కుంది. విండోస్‌లో ముగ్గురికీ మూడు అకౌంట్లు, మూడు పాస్‌వర్డ్‌లు పెట్టుకోవచ్చు. శాంసంగ్ టాబ్లెట్లలో కూడా వేర్వేరు యూజర్లను పెట్టుకునే వీలుంది. శాంసంగ్ ఫోన్లలో మాత్రం లేదు, ఫోల్డ్‌లోనూ లేదు. అంటే అమ్మాయి అసైన్‌మెంటు రాస్తుంటే పైన మీ ఆయన వాట్సాప్ మెసేజీలు జారుతుంటాయి. బ్యాంకు ఓటీపీలు కూడా అక్కడికే వస్తాయి. చదువుకునే పిల్లకి, డబ్బు లెక్క చూసే తండ్రికి ఇద్దరికీ అది ఇరకాటమే.

వస్తువు సంగతికి వద్దాం. ఫోల్డ్4 2022లో వచ్చింది. అప్పట్లో మన దేశంలో దాని ధర 1,54,999 రూపాయల దగ్గర మొదలైంది. కాబట్టి అన్నయ్య పనికిరానిదేదో అంటగడుతున్నాడని అనుకోకండి. బరువు 263 గ్రాములు. లోపలి తెర 7.6 అంగుళాలు. "పుస్తకమంత" అన్న మాట నిజమే, కాకపోతే చిన్న సైజు పుస్తకమంత. అంగుళాలని మూల నుంచి మూలకి కొలుస్తారు కాబట్టి 7.6 అంటే 15.6లో సగం అనిపిస్తుంది. వైశాల్యం లెక్క వేరు. ఫోల్డ్ తెర దాదాపు చదరం, ఇంచుమించు 28 చదరపు అంగుళాలు వస్తుంది. మీ ల్యాప్‌టాప్ తెర 104 దాకా ఉంటుంది. అంటే మీకు చేతికొచ్చేది పావు వంతుకి కాస్త ఎక్కువ.

ఆ పావు వంతులో మీ పని ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. మూడు నెలలకోసారి మీరు జీఎస్టీఆర్-2బిని, అంటే మీకు సరుకు పంపినవాళ్లు పోర్టల్‌లో చూపిన బిల్లుల పట్టికని, దించుకుని, మీ కొనుగోలు రిజిస్టర్ పక్కన పెట్టి సరిచూస్తారు కదా. 2బిలో సరుకు పంపినవాళ్ల జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, బిల్లు మొత్తం, పన్ను విలువ, ఐజీఎస్టీ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఇలా కనీసం ఎనిమిది గళ్లు ఉంటాయి. విశాఖ వేరే రాష్ట్రం కాబట్టి ఆ బిల్లులకి ఐజీఎస్టీ గడి నిండుతుంది, బరంపురం మీ ఒడిశాలోదే కాబట్టి ఆ బిల్లులకి మిగతా రెండూ. ఫోల్డ్ తెరని రెండు సగాలు చేసి ఓ పక్క 2బి, ఇంకో పక్క రిజిస్టర్ పెట్టొచ్చు, అది బాగానే చేస్తుంది. కానీ ఒక్కో సగంలో చదవగలిగే సైజులో మూడు గళ్లకి మించి పట్టవు. పన్ను గడి చూడాలంటే పక్కకి జరపాలి, జరిపితే బిల్లు నంబరు కనిపించకుండా పోతుంది. ఇక అంకె కొట్టడానికి గడి మీద నొక్కారా, కింద కీబోర్డు లేచి తెరలో సగం మింగేస్తుంది. పది బిల్లులకి ఓర్చుకోవచ్చు. పండగ సీజన్లో వచ్చే నూట యాభై బిల్లులకి ఓర్చుకోలేరు. ఎక్కడో ఒకచోట 5,460 బదులు 5,640 పడుతుంది, దాన్ని వెతకడానికి ఒక పూట పోతుంది.

ట్యాలీ విషయం ఇంకా సూటిగా ఉంటుంది. ట్యాలీప్రైమ్ విండోస్ మీదే నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోనులోకి ఎక్కదు. అన్నయ్య చెప్పినట్టు టీవీకి తగిలించినా తెర పెద్దదవుతుందే గానీ లోపల ఉండేది ఆండ్రాయిడే. ఎఫ్5 నొక్కి చెల్లింపు, ఎఫ్8 నొక్కి అమ్మకం, ఎఫ్9 నొక్కి కొనుగోలు కొట్టే అలవాటు మీ వేళ్లకి ఉంటుంది కదా, దానికి ఫోనులో దారి లేదు. ల్యాప్‌టాప్ ఇంట్లో ఆన్‌లో ఉంచి, క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా ఫోనులోంచి దాన్ని చూసే ఉపాయం ఒకటుంది. అది ఉచితం. కొట్లో కూర్చుని ఒక బాకీ ఎంతుందో చూసుకోవడానికి చాలు, రోజంతా పద్దులు కొట్టడానికి మాత్రం చాలదు. పైగా అందుకోసం ల్యాప్‌టాప్ ఉండి తీరాలి.

ప్రింటర్ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, ఇలాంటి మార్పుల్లో జనం ఇరుక్కునేది అక్కడే. లేజర్‌జెట్ 1020 సొంతంగా పెద్దగా ఆలోచించే ప్రింటర్ కాదు. పేజీని తయారు చేసే పనంతా కంప్యూటర్‌లోని డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ చేసి దానికి అందిస్తుంది. తయారీదారు ఆండ్రాయిడ్‌కి ఆ డ్రైవర్ ఇవ్వలేదు. ప్రింటర్‌కి వైఫై కూడా లేదు కాబట్టి ఫోనుకి అది కనిపించనే కనిపించదు. ఊరికే యూఎస్‌బీ తీగ పెట్టినా ఉలకదు, పలకదు. ఫోనుతోనే బిల్లులు కొట్టాలంటే వైఫై ఉన్న ప్రింటర్ ఇంకొకటి కొనాల్సి రావచ్చు.

పోర్టల్ పని మాత్రం ఫోనులో అవుతుంది. మీది సొంత యాజమాన్యం కాబట్టి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ గొడవ లేదు, ఓటీపీతో రిటర్ను వేసేయొచ్చు. క్రోమ్ మెనూలో 'డెస్క్‌టాప్ సైట్' పెట్టుకుంటే జీఎస్టీఆర్-3బి రిటర్ను ఫోల్డ్ తెర మీద బాగానే కనిపిస్తుంది. ఈ-వే బిల్లు కూడా అంతే. అంకెలు సరిచూసుకోవడం ల్యాప్‌టాప్‌లో అయిపోయాక ఆఖరి మెట్టు ఫోనులో వేసుకోవచ్చు.

ఇప్పుడు టీవీకి తగిలించడం. దీన్ని శాంసంగ్ వాళ్లు డెక్స్ అంటారు, 2017 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లు కంప్యూటర్‌లో లాగా కిటికీల్లో తెరుచుకుంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. దానికి మూడు సామాన్లు కావాలి. మొదటిది టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే హబ్. కొనేటప్పుడు దానికి ఛార్జింగ్ తీగ పెట్టుకునే రంధ్రం, అంటే పీడీ ఇన్‌పుట్, ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఫోనుకున్న ఒకే ఒక్క రంధ్రాన్ని హబ్ ఆక్రమించేస్తుంది, పనిచేస్తుండగానే బ్యాటరీ కరిగిపోతుంది. మిగతా రెండూ కీబోర్డు, మౌస్. తీగలేని ప్రసారం కూడా కుదురుతుంది గానీ మౌస్ కదిపాక బాణం కాసేపు ఆగి కదులుతుంది, పద్దులు కొట్టేవాళ్లకి చిరాకు.

టీవీ దగ్గర రెండు లోపాలు తగులుతాయి. చాలా ఇళ్లలో ఉండే 32 అంగుళాల టీవీ 'హెచ్‌డీ రెడీ' రకం, ఫుల్ హెచ్‌డీ కాదు. పది అడుగుల దూరం నుంచి సీరియల్ చూడటానికి సరిపోతుంది, రెండడుగుల దూరంలో కూర్చుంటే అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టుంటాయి. రెండోది, టీవీలు బొమ్మని కాస్త పెద్దది చేసి అంచులు కోసేస్తాయి. ఎక్సెల్‌లో ఎడమవైపు వరుస నంబర్లు కనిపించకపోతే ఫోను చెడిపోయిందనుకోకండి. టీవీ సెట్టింగుల్లో పిక్చర్ సైజ్ దగ్గర 'జస్ట్ స్కాన్' అనో 'స్క్రీన్ ఫిట్' అనో ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే సరిపోతుంది. అన్నిటికంటే పెద్ద అడ్డం మీకు తెలిసిందే, రాత్రి ఏడు నుంచి పది దాకా టీవీ ఖాళీగా ఉండదు. అప్పుడు 22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ కొనాలి. హబ్, కీబోర్డు, మౌస్, మానిటర్ అన్నీ కలిపితే పది వేలు దాటుతుంది. అంత ఖర్చు పెట్టాక కూడా ట్యాలీ నడవదు, లేజర్‌జెట్ కదలదు.

అమ్మాయి అలక నాకు న్యాయంగానే కనిపిస్తోంది. ఫోనులో పైథాన్ రాసుకోవడానికి యాప్‌లున్నాయి, నేర్చుకునే మొదటి నెలకి చాలు. తర్వాత డేటాబేస్, జావా, వెబ్ పేజీలు వస్తాయి. ల్యాబ్‌లో విండోస్ మీద చేసినదాన్ని ఇంటికొచ్చి అదే రకంగా మళ్లీ చేసుకోగలిగితేనే చెయ్యి తిరుగుతుంది. పరీక్షల్లో మోసం జరక్కుండా తెరకి తాళం వేసే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లాంటివి విండోస్‌కి, మ్యాక్‌కి, ఐప్యాడ్‌కి ఉన్నాయి గానీ ఆండ్రాయిడ్‌కి లేవు. కెమెరా నిఘాలో రాసే ఉద్యోగ పరీక్షలు కూడా చాలావరకు ల్యాప్‌టాపో డెస్క్‌టాపో కావాలంటాయి. మూడేళ్ల కోర్సు, మూడో ఏడు అవే పరీక్షలు. మీ ఇంట్లో ల్యాప్‌టాప్ అవసరం ఎవరికి ఎక్కువ ఉందని లెక్కేస్తే, మీకంటే ముందు తనే వస్తుంది.

జేబులో మడతపెట్టే కంప్యూటర్ ఆశ మనుషులకి కొత్తేమీ కాదు. 1996లో నోకియా 9000 కమ్యూనికేటర్, 1997లో రెండు పెన్సిల్ సెల్స్‌తో నడిచే సయాన్ సిరీస్ 5 వచ్చాయి. రెండూ మడతపెట్టేవే, రెండింటికీ లోపల మీటల కీబోర్డు ఉండేది. ఇప్పటి మడత ఫోన్లలో మడిచేది తెరని, కీబోర్డుని కాదు. అందుకే ఇవి చదవడానికి ఎంత సుఖమో రాయడానికి అంత సుఖం కాదు.

తెర మడత పడటం వల్లే వచ్చే జాగ్రత్తలు వేరే ఉన్నాయి, బట్టల కొట్టు కాబట్టి మీకు మరీ ముఖ్యం. లోపలి తెర వెంట్రుకంత పల్చని గాజు, దాని మీద ప్లాస్టిక్ పొర. గోరు గట్టిగా నొక్కినా గీత పడొచ్చు. ఫోల్డ్4కి నీటి నుంచి రక్షణ ఉంది, ఐపీఎక్స్8 అంటారు. ఆ 'ఎక్స్' అంటే దుమ్ము విషయంలో హామీ లేదని అర్థం. పైగా ఈ మోడల్ మూసినప్పుడు రెండు సగాలూ పూర్తిగా అతుక్కోవు, మడత దగ్గర సందు ఉంటుంది. అయిదో మోడల్ నుంచి ఆ సందు పోయింది. తాను విప్పి దులిపినప్పుడల్లా లేచే నూలు పీచు, గంజి పొడి ఆ సందులోకి చేరతాయి. బందు లోపల దుమ్ము తుడిచే చిన్న కుచ్చులున్నాయి గానీ అవి కొంతవరకే ఆపుతాయి. ఒక్క ఇసుక రేణువు తెర కింద చేరి, పైనుంచి మూత నొక్కితే అక్కడ చుక్క లేస్తుంది, ఆనక అది నల్లగీతవుతుంది. వారంటీ లేని లోపలి తెర మార్చడానికి అయ్యే ఖర్చు ఒక మామూలు ల్యాప్‌టాప్ ధరకి అటూ ఇటూగా ఉంటుంది. ఆ తెర ప్రతి ఊళ్లోనూ దొరకదు, బరంపురం గానీ శ్రీకాకుళం గానీ వెళ్లే ముందు ఫోను చేసి "ఫోల్డ్ లోపలి తెర మారుస్తారా, ఎన్నాళ్లు పడుతుంది?" అని కనుక్కోవాలి.

అన్నయ్య దగ్గర ఫోను తీసుకునేటప్పుడు మొహమాటపడకుండా ఇవి చూడండి. పూర్తిగా విప్పితే 180 డిగ్రీలు చదునుగా నిలుస్తోందా? సగంలో ఆపితే ఆగుతోందా, వాలిపోతోందా? తెల్లని పేజీ పెట్టి మడత వెంబడి గీతలు, చుక్కలు ఉన్నాయేమో చూడండి. పై పొర మడత దగ్గర బుడగలా లేచి ఉంటే దాన్ని పీకకండి. 2019లో మొదటి ఫోల్డ్ విడుదలకి ముందు పరీక్షకి తీసుకున్నవాళ్లలో కొందరు ఆ పొరని మామూలు స్టిక్కర్ అనుకుని పీకేశారు, తెరలు చచ్చిపోయాయి. శాంసంగ్ విడుదలనే కొన్ని నెలలు వాయిదా వేసుకుంది. పొర మార్చడం సర్వీస్ సెంటర్ పని. ఇంకో విషయం, ఈ మోడల్‌కి ఆండ్రాయిడ్ 16 ఆఖరిది, భద్రతా అప్‌డేట్లు 2027 దాకా. ఆ తర్వాత బ్యాంకు లావాదేవీలకి వాడటం అంత మంచిది కాదు.

ఇంత చెప్పాక ఫోను వద్దంటున్నానని అనుకునేరు. మీ ఆయనకి అది నిజంగా మంచి వస్తువు. మీ ఉత్తరంలో ఆయనకి చత్వారం వచ్చిందని, కళ్లజోడు కోసం తడుముకుంటారని రాశారు. అక్షరం పెద్దది చేసుకున్నా పేజీ విరగకుండా చదువుకోగలిగే సౌకర్యం మామూలు ఫోనులో లేదు, ఇందులో ఉంది. రేట్ల పట్టిక ఓ పక్క, వాట్సాప్ ఇంకో పక్క పెట్టుకుని "ఈ రకం ఉందా?" అని అడిగినవాళ్లకి అక్కడే జవాబివ్వొచ్చు. తెలుగూ ఒడియా రెండూ ఒకే కీబోర్డులో మార్చుకుంటూ రాయొచ్చు, తెలుగులో మాట చెబితే అదే రాసుకుంటుంది కూడా. ఈ పని ల్యాప్‌టాప్ కంటే ఫోనే హాయిగా చేస్తుంది. ఇంకోటి, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మీ వైపు కరెంటు ఎలా పోయిందో మీకు నేను చెప్పక్కర్లేదు. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్ అలాంటప్పుడు చెక్కముక్కే. ఫోనుకి ఒక పవర్ బ్యాంకు ఉంటే చాలు.

మరి ఏం చేయొచ్చు? నాకు కనిపిస్తున్న దారులు ఇవి.

ఫోను తీసుకుని ల్యాప్‌టాప్ మానేయడం ఒకటి. ఖర్చు తక్కువలా కనిపిస్తుంది. ట్యాలీ పని నెలకింత అని బయట లెక్కలు రాసేవాళ్లకి అప్పగించాలి, ప్రింటర్ మార్చాలి, అమ్మాయి స్నేహితురాలి ల్యాప్‌టాప్ మీద ఆధారపడాలి. ఏడాది తిరిగేసరికి మిగిలిందేమీ ఉండదు. ఇంకా చెప్పాలంటే, ఇన్నేళ్లూ లెక్క మీ చేతిలో ఉంది, అది బయటికి పోతుంది. అదొక్కటి చాలు నేను ఈ దారిని ఆఖరున పెట్టడానికి.

పాత ల్యాప్‌టాప్‌ని బాగు చేయించడం రెండోది. మీరు రాసిన జబ్బులు దాదాపు అన్నీ నయమయ్యేవే. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి, పెర్ఫార్మెన్స్ పేజీలో డిస్క్ దగ్గర చూడండి. ఏమీ చేయకుండానే 100 శాతం చూపిస్తుంటే నెమ్మదికి కారణం తిరిగే హార్డ్ డిస్కే. దాని స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) వేయించండి, 256 జీబీ అయినా చాలు. అదే పేజీలో మెమరీ దగ్గర 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది, ఖాళీ ఉంటే ఇంకో 4 గానీ 8 గానీ జీబీ ర్యామ్ చేర్పించండి. ఆ ర్యామ్ డీడీఆర్3 రకమా డీడీఆర్4 రకమా అన్నది మెకానిక్ విప్పి చూసి కొనాలి, చూడకుండా కొంటే పట్టదు. బందు ఊడటమంటే సాధారణంగా ఇనుప బందు విరగదు, మూత ప్లాస్టిక్‌లో దిగేసిన ఇత్తడి మరలు పెకిలి వస్తాయి. మెకానిక్ అరల్డైట్ లాంటి జిగురుతో వాటిని మళ్లీ కూర్చోబెడతాడు. అప్పుడు బందు బిగువు కాస్త వదులు చేయమని చెప్పండి, లేకపోతే ఆరు నెలల్లో మళ్లీ అదే కథ. ఇక మీదట మూతని ఒక మూల పట్టుకుని లేపకండి, మధ్యలో పట్టుకోండి. టచ్‌ప్యాడ్ దగ్గర ఉబ్బు కనిపిస్తే మాత్రం అది బ్యాటరీ వాపు, ఆ రోజే తీయించేయాలి.

ఇందులో పొరపాటు జరిగేది ఒక్కచోట. డిస్క్ మార్చకముందే ట్యాలీలో ఆల్ట్-వై నొక్కి బ్యాకప్ తీసి పెన్ డ్రైవ్‌లో వేసుకోండి, తర్వాత హెల్ప్ మెనూలో లైసెన్స్ దగ్గర సరెండర్ చేయండి, అంటే లైసెన్సుని ఆ మెషీన్ నుంచి విడిపించండి. మర్చిపోయి డిస్క్ మారిస్తే కొత్తదాంట్లో ట్యాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లో తెరుచుకుంటుంది, నెలలో 1, 2, 31 తేదీలకి తప్ప పద్దు కొట్టనివ్వదు. లైసెన్సుకి ఇచ్చిన ఈమెయిల్ మీదేనా, ఆ రోజు ట్యాలీ వేసిన కుర్రాడిదా అన్నది ఇప్పుడే చూసుకోండి. కుర్రాడిదైతే వాడి ఫోను నంబరు వెతకడం ఇవాళే మొదలుపెట్టండి. పాత హార్డ్ డిస్కుని పారేయకండి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టండి, ఆ 72 నెలల లెక్క దాంట్లో ఉంది.

మెమరీ ధరలు ఈమధ్య ఎగుడుదిగుడుగా ఉన్నాయి కాబట్టి మొత్తం ఎంతవుతుందో ముందు అడగండి. దీనికి ఒక హద్దుంది. 2017 నాటి ప్రాసెసర్లు చాలావరకు విండోస్ 11కి పనికిరావు, విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. కాబట్టి దాంట్లో ట్యాలీ, ఎక్సెల్, ప్రింటర్ పెట్టుకోండి. బ్యాంకు, పోర్టల్ పాస్‌వర్డ్‌లు ఫోనులోకి మార్చుకోండి. ఇలా పని పంచుకుంటే మడత ఫోనుకి మీ ఇంట్లో సరైన చోటు దొరుకుతుంది.

అమ్మాయికి విడిగా ఒకటి కొనడం మూడోది, రెండోదాంతో కలిపి చేస్తే ఇంట్లో గొడవ తీరుతుంది. కొత్తదైతే 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, ర్యామ్ పెంచుకునే స్లాట్ ఉన్నది చూడండి. అంత వీలు కాకపోతే కంపెనీ ఆఫీసుల్లో వాడి వదిలిన బిజినెస్ ల్యాప్‌టాప్‌లు రిపేరు చేసి అమ్ముతారు, థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్ లాంటివి. కొత్త చవకరకం కంటే వాటి బందులు, కీబోర్డు గట్టివి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరానికి తక్కువ కొనకండి, విండోస్ 11 ఎక్కదు. బ్యాటరీకి విడిగా కొంత డబ్బు పక్కన పెట్టుకోండి, వాటిలో ముందు పోయేది అదే.

నాలుగోది అన్నయ్య ముందు పెట్టాల్సిన మాట. ఆయన ఎలాగూ కొత్త ఫోను కొంటున్నాడు కదా, పాతది మారకానికి ఇస్తే దానికొక ధర వస్తుంది. ఆ డబ్బు మేనకోడలి ల్యాప్‌టాప్‌కి వేస్తే ఆయన ఇచ్చే కానుక ఆ పిల్ల మూడేళ్ల చదువుకి పనికొస్తుంది. ఇందులో మీ ఆయనకి ఆశాభంగం ఉంది, అది తేలిక విషయం కాదు. పది మంది వచ్చే కొట్లో ఆ ఫోను విప్పి చూపించాలని ఆయనకి ఉంటుంది, ఎవరికుండదు? అందుకే ఇది ముందు ఆయనతో మాట్లాడి, ఆయనకి సమ్మతమైతేనే అన్నయ్య దాకా తీసుకెళ్లండి. మీరిద్దరూ వెనకాల మాట్లాడుకున్నారని తెలిస్తే ఫోను కంటే పెద్ద గొడవ అవుతుంది.

అన్నయ్యకి ఎలా చెప్పాలన్నది మీ భయం. ఆయన అడిగింది "ల్యాప్‌టాప్ ఎందుకే?" అని, ఆ ప్రశ్నకే జవాబు చెప్పండి. "అన్నయ్యా, ఫోను ఇస్తే మీ బావ కళ్లకద్దుకుని తీసుకుంటారు. నా ట్యాలీ మాత్రం దాంట్లో ఎక్కదట, చిన్నదాని పరీక్షలు కూడా దాంట్లో రాయనివ్వరట. దసరాకి వచ్చినప్పుడు నువ్వే కూర్చుని ఒకసారి చూసి చెప్పు." ఆయన వచ్చాక మాటలు వద్దు. 2బి ఫైలు, రిజిస్టర్ ఆయన చేతికిచ్చి ఆ ఫోనులో ఇరవై బిల్లులు సరిచూడమనండి. ఒక బిల్లు ప్రింటు తీయమనండి. అమ్మాయి ల్యాబ్ ప్రోగ్రాం ఒకటి నడపమనండి. ఒక గంట చాలు. ఆ గంటలో ఆయన అన్నీ చేసి చూపించాడనుకోండి, నా మాట పక్కన పెట్టి ఆయన మాటే వినండి.

ఒక్క జాగ్రత్త. జులై-సెప్టెంబర్ త్రైమాసికపు 3బి గడువు మీ ఒడిశాలో అక్టోబర్ 24. ఆంధ్ర వైపు పాతపట్నంలో కొట్లున్న మీ చుట్టాలకి 22, వాళ్లు ఫోను చేసి కంగారు పెడితే కంగారు పడకండి. ఫోను ఎప్పుడొచ్చినా, మెకానిక్ ఎంత తొందరపెట్టినా, డిస్క్ మార్చడం, ట్యాలీ సరెండర్ చేయడం లాంటివి ఆ రిటర్ను వేసి, రసీదు ప్రింటు తీసుకున్నాకే మొదలుపెట్టండి.